పాము తిన్నాకే

నా నోరు మంచిది కాదని బరంపురం కోమటివీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. చెప్పుకోనీ. ఇరవై రెండేళ్ళకే మొగుణ్ణి పోగొట్టుకుని తమ్ముడి గడప ఎక్కినదాన్ని. నోరు లేకపోతే ఆ ఇంట్లో ఏ వంటింటి మూలో పడి ఉండేదాన్ని. ఆ నోటితోనే తమ్ముడి సంసారం నడిపాను, పనివాళ్ళని అదుపులో పెట్టాను, పురోహితుడి తప్పులు కూడా దిద్దాను. అదే నోటితో ఒకసారి ఒక అబద్ధం ఆడాను. ఈ పుణ్యవతి అబద్ధం ఆడదని ఊరంతా నమ్మే రోజుల్లో ఆడాను కాబట్టి అది చక్కగా చెల్లిపోయింది.

గంజాం అప్పటికింకా మద్రాసు రాజధానిలోనే ఉంది. మా తమ్ముడు ఆదినారాయణకి చింతపండు, పసుపు టోకు వ్యాపారం. ఏజెన్సీ కొండల నుంచి బళ్ళ మీద సరుకు మా పెరటి గొడౌనులో దిగేది. గొడౌనంటే ఎలుకలుంటాయి. మేం ఎలుకని చంపం. బోనులో పడినదాన్ని పనివాళ్ళు బోనుతో సహా మోసుకుపోయి ఊరి బయట వదిలి వచ్చేవాళ్ళు. పొద్దున్న వదిలింది సాయంత్రానికి మళ్ళీ ఇల్లు చేరేదని తమ్ముడు నవ్వేవాడు. నవ్వితే నవ్వాడు గాని, మా ఇంట్లో ప్రాణం తీయడమన్నది లేదు. కార్తీకమాసం వచ్చిందంటే ఉల్లిపాయ కూడా గడప దాటి లోపలికి రాదు. అది నేను పెట్టిన కట్టడి, ఎవరూ దాటేవారు కాదు.

తమ్ముడి భార్య వాసవీకుమారి. అప్పటికి ఆ పిల్లకి ఇరవై ఒక్క ఏళ్ళు. రెండు కాన్పులు పోయాయి. మొదటిది ఆరో నెలలోనే జారిపోయింది, రెండోది పుట్టి కేరుమనకుండానే పోయింది. ఇప్పుడు మూడోసారి, ఏడో నెల. నాకు పిల్లల్లేరు. ఆ పిల్లని తిట్టినా నేనే, జడ వేసినా నేనే, అర్ధాకలితో లేస్తే మళ్ళీ కూర్చోబెట్టి తినిపించినా నేనే. ఈ బిడ్డ దక్కితే చాలు అన్నది తప్ప ఆ ఏడాది మా ఇంట్లో ఇంకో మాట లేదు.

నాగుల చవితి వచ్చింది. పుట్టలో పాలు పోసి వచ్చేదాకా ఆడవాళ్ళు ఏమీ తినకూడదు. "కడుపుతో ఉన్నదానివి, గ్లాసుడు పాలు తాగి ఎల్లు, నాగన్న ఏటనుకోడు" అన్నాను. ఆ పిల్ల వింటేనా!

"ఒక్క పూటే కదా వదినగారూ. పుట్టలో పోసొచ్చి కడుపు నిండా తింతాను."

చలిమిడి చేసి, నువ్వుల చిమ్మిలి దంచి, పాలచెంబు చేతికిచ్చాను. పెరట్లోకి అడుగు పెట్టామో లేదో, గొడౌనులో కేకలు. వాసవి చెంబుతోనే అటు పరిగెత్తింది. నేను వెనకాలే.

తూకం వేసే నీలకంఠం బడితె పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడి కాళ్ళ దగ్గర పసుపు బస్తాల మధ్య ఇంత పొడుగు జెర్రిపోతు, తల నుజ్జయి, ఒళ్ళు ఇంకా మెలికలు తిరుగుతోంది. బండి తోలే ఒడియా మనిషి తల కొట్టుకుంటూ "ఢమణా, ఢమణా" అంటున్నాడు. అది జెర్రిపోతు, విషం లేదు, ఎందుకు కొట్టావని వాడి ఏడుపు. నాగుపాముకి జెర్రిపోతు మొగుడని మా వైపు నమ్మకం. చవితి నాడు, పాలచెంబు పట్టుకున్న కడుపుతో ఉన్న పిల్ల ఎదుట, మా కొట్టులో అది చచ్చింది.  నీలకంఠాన్ని ఏం తిట్టానో నాకే గుర్తు లేదు.

అంతలో బస్తాల సందులోంచి ఇంకొకటి వచ్చింది. చిన్నది, బొటనవేలంత లావు, మూరెడు పొడుగు. పారిపోకుండా గోడ మూల చుట్ట చుట్టుకుని వణుకుతోంది. నీలకంఠం మళ్ళీ బడితె ఎత్తాడు. వాసవి వెళ్ళి వాడికి అడ్డంగా నిలబడింది.

"కొట్టకు! దాని తల్లిని సంపీసినావు. ఇంక దాని జోలికి రాకు!"

ఆ పామును బండివాడి చేత పట్టించి చింతపండు బుట్టలో పెట్టించింది. బుట్ట పెరటి వసారాలో పెట్టించి, ప్రమిదలో పాలు పోసి లోపల ఉంచింది. నేను కంచం పెట్టి పిలిచాను. రాలేదు.

"పుట్టలో పోయవలసిన పాలు దీనికి పోసినాను. ఇది తాగాకే నేను తింతాను వదినగారూ."

"మతి పోయిందేటే నీకు? అది ఎప్పుడు తాగుతాదో ఎవరికి తెలుసు?"

"తల్లి లేని పిల్ల ఆకలితో ఉంటే నేను ఎలా తినగలను? దాని ఉసురు ఈ కడుపుకి తగలదా?" అంటూ పొట్ట మీద చెయ్యేసుకుంది.

 రెండు కాన్పులు పోయిన ఇల్లు. ఆ పామును బయట పారేయించవచ్చు, ఆ పిల్ల నోరు తెరిపించి అన్నం కుక్కవచ్చు. ఆ తర్వాత ఏదైనా జరిగితే ఆ మాట ఎవరు నెత్తిన వేసుకుంటారు? సాయంత్రానికి తాగేస్తుందిలే అనుకుని ఊరుకున్నాను.

సాయంత్రానికి తాగలేదు. మర్నాడూ తాగలేదు. ప్రమిద ఒరిగి పాలు ఒలికాయి, చీమలు పట్టాయి, పాము ఒళ్ళంతా తడిసి బుట్ట అంచుకి నక్కింది. వాసవి తడిగుడ్డతో తుడిచి మళ్ళీ తాజా పాలు పోసింది. గంటకోసారి మూత తీసి చూసేది. తీసిన ప్రతిసారీ ఆ పాము ఉలిక్కిపడి తల దాచుకునేది. పురోహితుడు వచ్చి, తులసి తీర్థంతో పాటు పూటకి గుక్కెడు పాలు పుచ్చుకోవచ్చు, దోషం లేదన్నాడు. ఆ గుక్కెడే తాగింది. గోపాలపురం సముద్రం వైపు నుంచి చల్లటి గాలి మొదలై, మబ్బు పట్టేసి, మధ్యాహ్నానికే ఇంట్లో దీపం పెట్టుకోవలసి వచ్చింది. తుపాను వస్తుందని కొట్లవాళ్ళు చెప్పుకుంటున్నారు. తమ్ముడు కొట్టు కట్టేసి వంటింటి గుమ్మంలో కూలబడ్డాడు.

"అప్పా, నా మాట ఇనడం లేదు. నువ్వే ఏదో ఒకటి సెయ్యి."

ఆ రోజు వాడి కళ్ళలో నీళ్ళు చూశాను. మా నాన్న పోయినప్పుడు కూడా వాడు అలా ఏడవలేదు.

మూడో రోజు పొద్దున్న వాసవి కేక విని పరిగెత్తాను. బుట్ట ముందు కూలబడి ఉంది. పాము ఒళ్ళు మెరుపు పోయి బూడిద పట్టినట్టు ఉంది. కళ్ళు రెండూ తెల్లగా, పాలు కలిపిన నీళ్ళలా అయిపోయాయి.

"కళ్ళు పోయినాయి వదినగారూ! పాలు పడి కళ్ళు పోయినాయి! తల్లిని మనం సంపినాం, దీన్ని నేను గుడ్డిదాన్ని సేసినాను."

గొడౌనులో చింతపండు గింజ తీసే గురువమ్మని పిలిపించాను. చికిటి దగ్గర పల్లె ఆమెది. కోతలయ్యాక చేలల్లో ఎలుక కన్నాలు తవ్వి ఎలుకలనీ, అవి దాచిన ధాన్యాన్నీ తెచ్చుకునే ఇల్లు వాళ్ళది. పాములతో పరిచయం ఉన్న మనిషి. వచ్చింది, మూత తీసింది, ఒక్క చూపు చూసి నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

"ఏటా నవ్వు?"

"గుడ్డీ లేదు గిడ్డీ లేదమ్మగోరు. కుబుసం ఇడవబోతంది. కళ్ళ మీద కూడా పొరే అది. ఇడిసే దాకా ఏటీ ముట్టదు. అయినా పాము పాలు తాగడమేటమ్మా, ఎవరు సెప్పినారు మీకు?"

వాసవి తెల్లబోయి చూసింది. నేనూ చూశాను. ఏటేటా పుట్టలో చెంబులు చెంబులు పోసినవాళ్ళం.

"మరేటి తింతాది?" అంది వాసవి.

"ఎలకలు, కప్పలు. ఇంకేటి తింతాది?" గురువమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. "ముందు ఈ పాలు తీసీండి, నీల్లు ఎట్టండి. ఈ గాలికి సలి ఏస్తంది దానికి, బుట్టని పొయ్యింటి గోడ కాడ ఎట్టండి. ఓ పెంకుముక్క బోర్లించండి, దాని కింద దూరతాది. మాటిమాటికీ మూత తీసీకండి. దడుసుకున్న పాము తినదు."

"కుబుసం ఇడిసినాక?"

"ఇడిసినాక సిట్టెలక ఎట్టాల. దాని నడుం కంటే లావుండకూడదు. సంపి ఎట్టాల. తోక్కి దారం కట్టి పొడుగాటి పుల్లతో దాని మొకం ముందు ఆడించండి, అదే పట్టుకుంటాది. సేత్తో ఇవ్వకండి, సెయ్యీ ఎలకా దానికి ఒకటే వాసన. తిన్నాక నాలుగు రోజులు దాన్ని ముట్టకండి, కక్కీస్తాది." తర్వాత నా వైపు తిరిగింది. "ఇంకోటి సెప్తన్నాను, మరిసిపోకండమ్మగోరు. పేణంతో ఉన్నది మాత్రం ఏసీకండి. ఇది పసిది, భయం మీద ఉంది. ఇది తిరగబడదు, ఎలకే తిరగబడతాది. దాని పళ్ళ సంగతి మీకు తెల్దా? గోనెలు సూడండి."

"చంపి పెట్టడమా? ఈ ఇంట్లోనా?"

"మీరు సంపొద్దు. నేనే మా ఇంటికాడ సంపి ఆకులో సుట్టి తెస్తాను."

నాకు శివమెత్తింది. కార్తీకమాసంలో, పొద్దునా సాయంత్రం ఈశ్వరుడికి దీపం పెట్టే ఇంట్లోకి, చచ్చిన ఎలుకని ఆకులో చుట్టి తెస్తుందట! నోటికొచ్చినట్టు తిట్టాను.  గురువమ్మ లేచి చీర దులుపుకుని వెళుతూ ఒక్క మాట అంది.

"పామన్నాక దాని కూడు అదే కదమ్మా. ఎవరో ఒకరు సావాల. ఎవరు సావాలో మీరే సూసుకోండి."

ఆ మాట నాకు బొత్తిగా నచ్చలేదు. అయినా బుట్ట వంటింటి గోడ దగ్గరికి మార్పించాను, పెంకు పెట్టించాను, నీళ్ళు పెట్టించాను. ఎలుక సంగతి మాత్రం తర్వాత చూద్దామన్నాను. కుబుసం విడవనీ, ముందు కళ్ళు రానీ అన్నాను. వాసవి అయినా చంపమని ఎలా అంటుంది? అనలేదు. గోడకి జారబడి బుట్ట వైపు చూస్తూ కూర్చుంది. పెదాలు పగిలిపోయాయి. పాదాలు ఉబ్బాయి. నీళ్ళ గ్లాసు చేతికిస్తే రెండు చేతులా పట్టుకోవలసి వచ్చేది.

నాలుగో రోజు గడిచింది. ఐదో రోజు పొద్దున్న పెంకు పక్కన సన్నటి కుబుసం ఉంది. పాము కొత్తగా, నిగనిగలాడుతూ, నల్లటి కళ్ళతో బుట్ట చుట్టూ తిరుగుతోంది. అల్లిక సందుల్లో మూతి పెట్టి వాసన చూస్తోంది, నాలుక ఆడిస్తోంది. దానికి ఆకలి పుట్టిందని చిన్నపిల్లకైనా తెలుస్తుంది. వాసవి చూసి నవ్వింది, ఐదు రోజుల తర్వాత మొదటిసారి. కానీ నేను పక్కన కూర్చోగానే నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా అంది.

"వదినగారూ, లోపల కదలడం తగ్గిపోయిందండి."



అప్పుడే పెరటి గుమ్మంలో చప్పుడైంది. గురువమ్మ వానలో తడుసుకుంటూ నిలబడి ఉంది. నేను అన్ని తిట్లు తిట్టినా, చెప్పినట్టే ఆకులో చుట్టి తెచ్చింది. పొట్లం చిన్నది, అరచేతిలో పట్టేంత. లోపలికి రాలేదు. గుమ్మం బయటే నిలబడి చెయ్యి చాపింది.

"ఇంకా ఎచ్చగా ఉందమ్మగోరు. ఇప్పుడే ఎడితే తినీస్తాది. ఆ పిల్ల మొకం సూసి తెచ్చినాను."

ఆ పొట్లం అందుకుని ఉంటే? ఆ మాట ఎన్ని వేలసార్లు అనుకున్నానో లెక్క లేదు. అప్పుడు మాత్రం అలా అనుకోలేదు. నా మడి, నా దీపం, నా కార్తీకం! ఇన్నేళ్ళు ఈ ఇంట్లో నా చేతుల మీదుగా చీమ కూడా చావలేదన్న గర్వం నాది. "ఎల్లు. ఆ పాపపు కూడు మా గడప ఎక్కడానికి వీల్లేదు, ఎల్లు" అన్నాను.  గురువమ్మ పొట్లం కొంగులో పెట్టుకుని వానలోకి వెళ్ళిపోయింది.

అయినా పాముకి పెట్టాలి కదా. ఆలోచించి ఆలోచించి ఒక దారి కనిపెట్టాను. దారి అని నేననుకున్నాను. మనం చంపకూడదు. కానీ దాని ఆహారం అది చంపుకుంటే మన చేతికి ఏం అంటుతుంది? బోనులో పడ్డ ఎలుకని ఊరి బయట వదిలే బదులు బుట్టలో వదులుతాం, అంతే. ఆ పైన దేవుడి ఏర్పాటు. ఎంత తెలివో చూడండి నాది!

గొడౌనులో రెండు బోనులున్నాయి. ఒకదాంట్లో బొటనవేలంత చిట్టెలుక పడి ఉంది. ఇంకోదాంట్లో గోనెలు కొరికే పెద్దది, మీసాలు నిక్కబొడుచుకుని బోనంతా తిరుగుతోంది. నడుం కంటే లావుండకూడదన్న మాట నాకు గుర్తుంది. కానీ ఐదు రోజుల ఆకలి కదా. అత్తెసరు పెట్టడం నా చేతికి తెలియని పని. ఎవరికైనా కడుపు నిండా పెట్టాలి. చిట్టెలుకని వదిలేసి పెద్దదాన్ని తెచ్చాను.

బోను మూతిని బుట్టకి ఆనించి తలుపు ఎత్తాను. ఎలుక జర్రున లోపలికి జారింది. మూత వేసి పైన రుబ్బురోలు పొత్రం పెట్టాను. మిట్టమధ్యాహ్నమే అయినా మబ్బుకి వసారా మసక మసకగా ఉంది. బయట వాన జోరందుకుంది.

ముందు బరుకుతున్న చప్పుడు. తర్వాత బుస్సుమని చిన్న శబ్దం. ఆ పాము బుసకొట్టడం అదే మొదటిసారి విన్నాను. ఆ తర్వాత బుట్ట ఒక్కసారిగా అదిరి బెత్తెడు పక్కకి జరిగింది. లోపల కొట్టుకోవడం, గీరుకోవడం. నేను చేతులు జోడించుకుని నిలబడ్డాను. "తిను తల్లీ, తిను, నా పిల్లని బతికించు" అని మొక్కాను. కాసేపటికి కొట్టుకోవడం ఆగింది.

ఆ తర్వాత చింతగింజ పళ్ళతో కొరికినట్టు టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది.

పాము నమలదు. మింగుతుంది. అది నాకు తెలియని సంగతి కాదు. తెలిసి కూడా ఆ చప్పుడు వింటూ, తింటోంది, తింటోంది అని నాకు నేనే చెప్పుకున్నాను. పొత్రం తీసి చూడడానికి నా చెయ్యి లేవలేదు. చూస్తే తెలిసిపోతుంది. తెలిస్తే వాసవికి అన్నం పెట్టలేను. వెనక్కి తిరిగి గదిలోకి వెళ్ళిపోయాను.

"లే, లేచి కూర్చో. తిన్నాది."

"తిన్నాదా? నిజంగా?"

"ఎలకని పట్టీసింది. నా కళ్ళతో సూసినాను. ఇప్పుడు మూత తీయకూడదు, నాలుగు రోజులు ముట్టుకోకూడదని గురువమ్మ సెప్పింది కదా. లే, తిందువుగాని."

వాసవి ఏడ్చేసింది. నన్ను కావలించుకుని ఏడ్చింది. వేడి అన్నం మెత్తగా కలిపి, పప్పుకట్టు పోసి, నేనే నోటికి అందించాను. మొదటి ముద్ద మింగలేక దగ్గింది, రెండోది మింగింది, తర్వాత తనే నా చెయ్యి లాక్కుని తింది. గుమ్మంలో నిలబడి తమ్ముడు కళ్ళు తుడుచుకున్నాడు. నాకు మనసు కుదుటపడింది. నిజం చెబుతున్నాను, ఆ కాసేపూ వసారాలో బుట్ట ఒకటుందని కూడా మరిచిపోయాను.

ఆ పిల్ల నిద్రపోయాక వెళ్ళి పొత్రం దించాను. మూత ఎత్తగానే ఎలుక నా మోచేతి మీదుగా దూకి పరుగు తీసింది. దాని మూతి ఎర్రగా ఉంది. లోపల పాము పెంకు కింద సగం దూరి ఉంది. దాక్కుందామనుకుంది కాబోలు. తల వెనక నుంచి నడుం దాకా వీపంతా కొరికేసి ఉంది, లోపలి ఎముక తెల్లగా కనిపిస్తోంది. తోక కొస ఇంకా కదులుతోంది. నేను చూస్తుండగానే అదీ ఆగిపోయింది.

పెరటి గోడ పక్కన తడి మట్టిలో చేతులతోనే గొయ్యి తీసి పూడ్చిపెట్టాను. బుట్ట కడిగి మూత పెట్టాను. నాలుగు రోజులూ ఆ ఖాళీ బుట్ట దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు. ఐదో రోజు, తెల్లవారుజామునే నీలకంఠం పుట్ట దగ్గర వదిలి వచ్చాడని చెప్పాను. నేను చెప్పమన్నట్టే వాడూ చెప్పాడు. వాసవి మంచం మీద నుంచే రెండు చేతులూ జోడించింది.

ఆ సాయంత్రమే నొప్పులు వచ్చాయి. మగపిల్లవాడు. ఏడవలేదు. మంత్రసాని నన్ను పక్కకి పిలిచి, లోపలే పోయి నాలుగైదు రోజులైనట్టుందని చెప్పింది. నాలుగైదు రోజులు! నేను లెక్క వేసుకోదలుచుకోలేదు. అయినా లెక్క దానంతట అదే వచ్చి కూర్చుంది.

పురుడు వెళ్ళింది. ఆ పిల్ల ఏడుస్తుందని, నా మీద పడి కొడుతుందని, దేవుణ్ణి తిడుతుందని ఎదురుచూశాను. ఏమీ లేదు. స్నానం చేసేది, జుట్టు ఆరబెట్టుకునేది, కంచం ముందు కూర్చుని రెండు మెతుకులు కెలికి లేచిపోయేది. మొక్కు లేదు, పంతం లేదు, తినడం లేదంతే. పది రోజులకే చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. నేను పెట్టగలిగినవన్నీ చేసి పెట్టాను, తిట్టాను, బతిమాలాను. ఒకరోజు మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని తనే నోరు తెరిచింది.

"వదినగారూ, ఆ పాముపిల్ల తిన్నాది కదండి?"

"తిన్నాది."

"మీ కళ్ళతో సూసినారు కదా?"

"సూసినాను."

"బతికే ఎల్లిపోయింది కదా. మరైతే దాని ఉసురు కాదు." చాలా నెమ్మదిగా, పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "రోజూ అదే ఆలోసిస్తన్నానండి. పాముకి ఏ లోటూ సెయ్యలేదు. మొక్కు తప్పలేదు. మీరూ, ఆయనా నన్ను పువ్వులా సూసుకున్నారు. ఎటు నుంచి సూసినా ఇంకెవరి తప్పూ లేదు. నా కడుపే మంచిది కాదు. లోపల పడ్డవాళ్ళని ఇదే సంపుకుంటంది. ఆయనకి ఇంకో పిల్లని సూడండి వదినగారూ. నేనుండగానే సూడండి, నాకేటీ బాధ లేదు."

నేనుండగానే అంది. ఎన్నాళ్ళుంటుందో తనకి తెలిసినట్టే అంది.

ఆ పిల్ల చేతుల వైపు చూశాను. ఎండిపోయిన పుల్లలు. నా అబద్ధం ఆ పిల్లకి ఒక పూట అన్నం పెట్టింది, నిజమే. ఆ అబద్ధమే ఇప్పుడు ఆ పిల్లని కూర్చోబెట్టి నములుతోంది. పాము ఉసురో, ఐదు రోజుల పస్తో, నాకు తెలీదు. ఏదైనా సరే, గురువమ్మ చెయ్యి చాపిన రోజున ఆ రెండూ తప్పే దారికి అడ్డంగా నిలబడ్డది నేనే. చెబితే ఈ ఇంట్లో నా బతుకేమిటన్నది కూడా ఆలోచించాను. ఆలోచించలేదంటే అది ఇంకో అబద్ధం అవుతుంది.

"అది తిన్లేదు" అన్నాను.

వాసవి తల ఎత్తింది.

"తిన్లేదే. సచ్చిపోయింది. నువ్వు అన్నం తింటన్నప్పుడే సచ్చిపోయింది. ఎలకే దాన్ని కొరికి సంపీసింది."

"బతికున్న ఎలకని ఏసినారా?"

"ఏసినాను."

"గురువమ్మ వద్దని సెప్పింది కదా. సంపి తెస్తానంది కదా."

"తెచ్చింది. ఆ రోజు పొద్దున్నే తెచ్చింది. గుమ్మంలోంచే తిట్టి పంపీసినాను."

 వాసవి గోడ వైపు తిరిగింది. నేను ఏడుస్తున్నాను, నాకు ఏడుపు ఆగడం లేదు. తిడుతుందేమోనని చూస్తున్నాను. తిడితే బావుండునని చూస్తున్నాను. ఆ పిల్ల నాతో కాదు, తనలో తనే అనుకుంటున్నట్టు అంది.

"అయితే నా కడుపుది కాదన్నమాట."

కంచం ముందుకి లాక్కుంది. పప్పు వేసుకుని అన్నం కలపడం మొదలుపెట్టింది. నేను కళ్ళు తుడుచుకుని, నెయ్యి గరిటె పట్టుకుని వంగాను. వాసవి కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది. గోడ పట్టుకుని లేచి, వంటింట్లోకి తనే వెళ్ళి, వేరే గరిటెతో నెయ్యి వేసుకుని వచ్చి కూర్చుంది. నా వైపు చూడకుండా కడుపు నిండా తింది.